రెండో సంతకం

జనవరి 6

అత్తా,

మొన్న ఫోనులో నీకు వినబడాలని నేను అరిచిన అరుపులకి పక్క గది ఆవిడ వచ్చి, ఎవరితో గొడవ అని అడిగింది. నీ చెవి మిషను ఈల వేయడం మానేదాకా మనకి ఉత్తరాలే గతి. నువ్వెలాగూ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు రిజిస్టర్లు రాసిన మనిషివి. ఇప్పుడు నా బతుకూ రాతల్లోనే తెల్లవారుతోంది.

కబురేమిటంటే, ట్యాంకు నా చేతికిచ్చారు. రెండు వేల లీటర్లది. చిన్న దెబ్బ తగిలినా రక్తం గడ్డకట్టని పిల్లలుంటారు చూడు, వాళ్ళకి వేసే ఇంజెక్షన్ మందు అందులో తయారవుతుంది. మేం తయారుచేస్తామనడం గొప్పకి. చేసేవి జీవకణాలు. వాటికి తిండి పెట్టి, గాలి ఊది, వేడి ఎక్కువా తక్కువా కాకుండా పద్నాలుగు రోజులు కాపలా కాయడం మా పని. ఒక్క క్రిమి లోపలికి దూరిందంటే మొత్తం మురుగే. అందుకే ముందుగా ఖాళీ ట్యాంకులోకి ఆవిరి వదిలి, నూట ఇరవై ఒక్క డిగ్రీల దగ్గర అరగంట ఉంచుతాం. నువ్వు ఆపరేషన్ సామాన్ల డ్రమ్ములు ఆవిరిలో పెట్టేదానివి కదా, అదే పని. కాకపోతే ఈ డ్రమ్ములో నువ్వూ నేనూ నాన్నా నిలబడొచ్చు.

ఇక్కడ ప్రతి పనికీ రెండు సంతకాలు. చేసినవాళ్ళు "చేశాను" అని పెడతారు, పక్కన నిలబడ్డవాళ్ళు "చూశాను" అని పెడతారు. నాది రెండోది. రాతలో తప్పు దొర్లితే చెరపకూడదు, పైన దిద్దకూడదు, తెల్లరంగు పూయకూడదు. ఒక్క గీత గీసి, కిందున్నది కనబడేలా వదిలేసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టి, తేదీ వేయాలి. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే నిన్న పచారీ కొట్టు చీటీలో సబ్బు కొట్టేసి సంతకం పెట్టాను. కొట్టతను ఆ చీటీని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

నా ఆపరేటరు యాభై దాటిన మనిషి. అందరూ నిదానం గారు అంటారు. వాల్వు తిప్పే ముందు దాని నంబరు పైకి చదువుతారు, తిప్పాక మళ్ళీ చదువుతారు. ఇక మా మేనేజరు రేపు సారు. ఆయన్ని ఏదడిగినా "రేపు చూద్దాం" అనే అంటారు. ట్యాంకు అడుగున స్టీమ్ ట్రాప్ అని ఒక చిన్న పరికరం ఉంటుంది. ఆవిరి చల్లబడి నీరైతే ఆ నీటిని బయటికి వదిలేది అదే. అది పూడుకుపోయి లోపల నీళ్ళు నిలబడుతున్నాయనీ, అలా నిలబడితే ట్యాంకు అడుగున వేడి తగ్గుతుందనీ నిదానం గారు చూపించారు. వెళ్ళి రేపు సారుకి చెప్పాను. చీటీ రాయబోతే, "నోటితో చెప్పావుగా, రాతకోతలెందుకు" అన్నారు. కొత్తది పెట్టేశారు.

ఆ చివరి మాట మీద గీత గీసింది నేనే. పెట్టలేదు, పెడతామన్నారు. సంతకం, జనవరి 6. చూశావా, నీ ఉత్తరంలో కూడా మానలేకపోతున్నాను.

నీ మేనకోడలు,
మొండిఘటం


జనవరి 17

మొండిఘటమా,

ట్యాంకు వచ్చినందుకు సంతోషం. మీ నాన్న వీధిలో అందరికీ మా అమ్మాయి మందులు వండుతుందని చెప్పుకుంటున్నాడు. కింది వాటాలో టైలరు నిజమేననుకుని తన మోకాళ్ళకి ఏదైనా పంపమన్నాడు.

ఉత్తరంలో ఆ కొట్టివేతేమిటే? కింద ఏం దాచావోనని మీ నాన్న దాన్ని కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చదివాడు. "పెట్టేశారు" అని ఉంది. దానికి సంతకం కూడానా. మా రోజుల్లో తప్పు పడితే బ్లేడుతో సుతారంగా గీకి, గోరుతో నున్నగా రుద్ది, పైన రాసేవాళ్ళం. నా రిజిస్టరు పేజీ ముత్యంలా ఉండేది. గీకడంలో నన్ను మించినవాళ్ళు ఆ ఆసుపత్రిలో లేరని సూపరింటెండెంటే అనేవాడు.

ఇంకో మాట. పైవాళ్ళకి పేర్లు పెట్టడం మానెయ్. రేపు చూద్దామన్నవాడు రేపు చూస్తాడు. నువ్వు ప్రతిదానికీ మీదపడి రక్కితే చూసేవాడు కూడా మానేస్తాడు.

నా మిషను బాగుచేసే మనిషి కూడా రేపే వస్తానన్నాడు. మీవాడికి చుట్టమేమో.

అత్త


ఏప్రిల్ 9

అత్తా,

కోపంలో రాస్తున్నాను. అక్షరాలు కుదురుగా లేకపోతే సర్దుకో.

మార్చి 31న ట్యాంకుకి ఆవిరి పెట్టాం. వేడి చూపే గేజీలు రెండు. పై గేజీ నా కళ్ళ ఎత్తున ఉంటుంది. కింది గేజీ చూడాలంటే నేల మీద మోకాళ్ళూని, తల ట్యాంకు కిందికి దూర్చాలి. నిదానం గారు అలాగే వంగి చూసి, పైన నూట ఇరవై ఒకటి, కింద నూట పదహారు అని రాసి, "చేశాను" అని సంతకం పెట్టారు. నేను పైది చూశాను. కిందిదానికి వంగలేదు. ఆయన రాసిన అంకె కూడా చదవలేదు. కింద తక్కువుంది, ఆపనా అని ఆయన అడిగారట. ముసుగు లోపల ఏదో ఆలోచనలో ఉండి కానివ్వమన్నట్టు తలూపి, "చూశాను" అని బరికేశాను. మీటింగుకి వేళవుతోందని తొందర. ఇదీ నా ఘనకార్యం.

నిన్న కాగితాలు తిరగేస్తుంటే ఆ నూట పదహారు కళ్ళబడింది. అప్పటికి ట్యాంకులో కణాలు తొమ్మిదో రోజు హాయిగా పెరుగుతున్నాయి. నేరుగా రేపు సారు దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన మొదటిసారి రేపు అనలేదు. గంటలో ఒక కాగితం టైపు చేయించి నా ముందు పెట్టారు. అందులో ఇలా ఉంది: "ఆపరేటరు 121కి బదులు పొరపాటున 116 అని రాశాడు. పక్కనే ఉన్న ఇంజనీరుగా కింది గేజీ మీద 121 నేను కళ్ళారా చూశాను." కింద నా సంతకానికి ఖాళీ.

నేను చూడనే లేదు, ఏమని పెట్టను? శాంపిళ్ళన్నీ శుభ్రంగా ఉన్నాయి కదా అంటారు. శాంపిలంటే రెండు వేల లీటర్లలోంచి తీసిన చెంచాడు. ఆసుపత్రుల్లో మందు నిండుకుంది, పిల్లలు ఎదురుచూస్తున్నారు, నీ పంతానికి వాళ్ళని బలిపెడతావా అంటారు. ఆ మాట గుచ్చుకుంది, కాదనను. కానీ ఆ మందు నేరుగా ఆ పిల్లల రక్తంలోకి పోతుంది. వాళ్ళనే అడ్డం పెట్టుకుని నాతో అబద్ధం ఆడిస్తారా? పైగా ఉన్నది ఉన్నట్టు రాసిన ఒకే ఒక్క మనిషిని గుడ్డివాణ్ణి చేసి.

సంతకం పెట్టను. ఉద్యోగం తీసేస్తారా, తీసెయ్యనీ. ఇరవయ్యో తారీకున క్వాలిటీ విభాగంలో విచారణ. చేసేది భూతద్దం మేడం. కాగితంలో చుక్క తప్పినా పట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు. నేను వంగలేదన్న సంగతీ, ట్రాప్ గురించి ముందే చెప్పిన సంగతీ ఆమెకి నా నోటితోనే చెప్తాను.

మొండిఘటం


ఏప్రిల్ 14

అమ్మడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకర్థమైంది ఒకటే. పొరపాటు నీది, అలిగింది కూడా నువ్వే.

ఐదు డిగ్రీలే. ఐదు డిగ్రీల కోసం ఇంత రాద్ధాంతమా? నేను ముప్పై ఏళ్ళు ఆవిరి ముందు నిలబడ్డాను. ప్రతిసారీ లెక్క అక్షరాలా కుదరదు. కుదరనప్పుడు నలుగురూ కూర్చుని సర్దుకుంటారు. నువ్వు సర్దుకోవు. మీ నాన్నకి చెబితే అన్నం మానేసి కూర్చున్నాడు.

ఆ పెద్దాయన మీద నింద పడుతుందన్నదే నీ బాధయితే, దానికి మార్గముంది. అది నేను చూసుకుంటున్నాను. నీ ఉద్యోగం పోదు, ఆయనకీ ఏమీ కాదు. ఇరవయ్యో తారీకుదాకా నువ్వు నోరు మూసుకుని కూర్చో. అది నీ వల్ల కాదని తెలుసు, అయినా చెప్తున్నాను.

అత్త


ఏప్రిల్ 22

అత్తకి,

చూసుకున్నావు. బాగా చూసుకున్నావు.

విచారణలో నేను నోరు తెరవకముందే రేపు సారు జేబులోంచి ఒక ఉత్తరం తీశారు. దూరం నుంచే నీ దస్తూరి గుర్తుపట్టాను. "మా మేనకోడలు ఆ రోజు కింది గేజీ చూడలేదని నాకు రాసింది. చిన్నపిల్ల, తొందరలో చేసింది, పెద్ద మనసుతో క్షమించండి." ఆ మాటలు పైకి చదివి, మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఆయనన్నదేమిటంటే, ఇంజనీరు చూడలేదు కాబట్టి నూట పదహారుకి రెండో సాక్షి లేరు. ఉన్నది కళ్ళద్దాల ముసలాయన ఒక్కడి మాట. ఆ అంకె నమ్మనక్కర్లేదు, మందు ఆసుపత్రులకి వదిలేయొచ్చు.

నేను చెప్పాలనుకున్న నిజమే అది అత్తా. నా నోటితో చెప్పుంటే నిజంగా ఉండేది. ఆయన జేబులోంచి వచ్చేసరికి నేను దాచిపెట్టి దొరికిపోయిన దొంగనయ్యాను. ట్రాప్ సంగతి జనవరిలోనే చెప్పానన్నాను. ఆయన నవ్వి, చీటీ ఏదీ అన్నారు. ఇక్కడ రాయనిది జరగనట్టే. ఆ ట్రాప్ విప్పి చూడండన్నాను. ఫిర్యాదే లేనిదాన్ని విప్పడమెందుకన్నారు.

బయటికొచ్చాక నిదానం గారు ఒక్క మాట అన్నారు. "నేను అబద్ధం రాయలేదమ్మా, మీరు వంగి చూసుంటే బాగుండేది." ఆయన తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు.

మే 5న తేలుస్తారు. అప్పటిదాకా మందు చల్లగదిలో ఉంటుంది. నన్నడక్కుండా నా గురించి ఉత్తరం రాసే హక్కు నీకెవరిచ్చారు? నువ్వు నాకు తల్లిలాంటిదానివి కాబట్టి ఇంతటితో ఆపుతున్నాను. ఆ కాగితం మీద మాత్రం ఇప్పటికీ సంతకం పెట్టలేదు. పెట్టను కూడా.

నీ మేనకోడలు


ఏప్రిల్ 27

అమ్మడూ,

నీ ఉత్తరం చదివి నాకు ముందు కోపమొచ్చింది. పెంచినదాన్ని, నాకు హక్కేమిటని అడుగుతుందా అనుకున్నాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అలాగే అనుకున్నాను. తర్వాత ఆ పెద్దాయన అన్న మాట దగ్గరికొచ్చి ఆగిపోయాను. తప్పు చేశాను. అడక్కుండా రాశాను, నిన్ను ముంచాను.

ఒకటి మాత్రం మీ మేనేజరుని అడుగు. నేను రాసిన ఉత్తరంలో "ఆ పెద్దాయన రాసింది నిజమని మా అమ్మాయి అంటోంది" అన్న వాక్యం కూడా ఉంది. క్షమించండి అన్న ముక్కకి ముందే ఉంది. అది జేబులోనే ఎందుకు ఉండిపోయిందో కనుక్కో.

మీ నాన్న బీరువాలోంచి నీ ఉత్తరాలన్నీ తీసి వరసగా పెట్టాడు. జనవరిది దొరికింది. నేను ఎగతాళి చేసిన కొట్టివేత అందులోనే ఉంది. ట్రాప్ పూడుకుపోయింది, చీటీ వద్దన్నారు, పెట్టేశారు, దాని మీద గీత, పెడతామన్నారు, సంతకం, తేదీ. కవరు మీద తపాలా ముద్ర జనవరి 7. మూడు నెలల తర్వాత అవసరపడుతుందని జనవరిలో ఎవరూ అబద్ధం అల్లరు కదా. నువ్వు దాన్ని నాలాగా బ్లేడుతో గీకి శుభ్రంగా రాసుంటే ఈ రోజు దానికి ఇంత బలం ఉండేది కాదు.

తిన్నగా మీ భూతద్దం మేడంకే పంపేద్దామన్నాడు మీ నాన్న. వద్దన్నాను. కవరుతో సహా నీకే పంపుతున్నాను. చూపిస్తావో, చింపేస్తావో నీ ఇష్టం. ఈసారి నీ విషయం నువ్వే చూసుకో.

ఐదు డిగ్రీలే కదా అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకు తెలుసు. తర్వాత రాస్తాను.

అత్త


మే 11

అత్తా,

చూపించాను.

భూతద్దం మేడం ఆ ఉత్తరాన్ని పది నిమిషాలు చదివింది. నీ చెవి మిషను కబుర్లు కూడా వదల్లేదు. పచారీ చీటీ దగ్గర కొద్దిగా నవ్వినట్టుంది. తర్వాత నీ ఉత్తరం మొత్తం తన ముందు పెట్టమని రేపు సారుని అడిగింది. ఆయన నీళ్ళు నమిలి, రేపు తెస్తానన్నారు. ఆ మాట అలవాటు మీద వచ్చింది పాపం. ఇప్పుడే అంది ఆవిడ.

ట్రాప్ విప్పించారు. లోపల తుప్పూ మడ్డీ కలిసి రాయిలా గట్టిపడి ఉన్నాయి. నీళ్ళు కదిలే సందే లేదు. నిదానం గారు వంగి చూసి రాసిన నూట పదహారు అక్షరాలా నిజం.

మందంతా మరగబెట్టి పారబోశాం. కాలువలోకి వదిలేటప్పుడు ఆయనా నేనూ అక్కడే నిలబడ్డాం. అందులో క్రిమి ఉందో లేదో ఇక ఎప్పటికీ తెలియదు. పిల్లలకి ఇంకో ఫ్యాక్టరీ నుంచి కొంత సర్దారు. కొందరికి రెండు వారాలు ఆలస్యమైంది. ఆ ఆలస్యంలో నా వాటా ఉంది. దాన్ని ఎవరి మీదికీ తొయ్యను.

మార్చి 31 నాటి షీటు మీద నేను పెట్టిన "చూశాను" మీద ఒక్క గీత గీసి, పక్కన "పైది మాత్రమే చూశాను, కిందిదానికి వంగలేదు" అని రాసి, సంతకం పెట్టాను, తేదీ వేశాను. రేపు సారుని ఆఫీసు గదికి మార్చారు, ఇక ఆయనకి ట్యాంకులతో పనిలేదు. నాకు మూడు నెలల పాటు సంతకం పెట్టే హక్కు తీసేశారు. అప్పటిదాకా పైపులు కడిగే గదిలో పని. తీసుకోనీ. తప్పుడు సంతకంతో నిలబడేకంటే సంతకం లేకుండా నిలబడటమే నయం. చిత్రమేమిటంటే ఇక్కడివాళ్ళు ఇప్పుడు ఏ సందేహం వచ్చినా నా దగ్గరికే వస్తున్నారు.

నీ మీద కోపం పోయింది. పూర్తిగా కాదు, ముప్పావు వంతు.

మొండిఘటం


మే 19

అమ్మడూ,

మిగిలిన పావు వంతు ఈ ఉత్తరం చదివాక పెరగొచ్చు. అయినా రాస్తున్నాను.

ఇరవై రెండేళ్ళ కిందట ఒక పొద్దున బాయిలరు మధ్యలో ఆగిపోయింది. డ్రమ్ము నూట ఐదు డిగ్రీల దగ్గర పన్నెండు నిమిషాలు మాత్రమే ఉంది. లోపల ఆపరేషన్ టేబులు మీద ఒకావిడని పడుకోబెట్టారు. సర్జను తొందరపడుతున్నాడు. నేను రిజిస్టర్లో నూట ఐదు, పన్నెండు అనే రాశాను. సూపరింటెండెంటు వచ్చి, "ఇదేం రాత, సరిచెయ్" అన్నాడు. బ్లేడు తీసి గీకాను. గోరుతో రుద్దాను. నూట ఇరవై ఒకటి, ముప్పై అని రాశాను. ముత్యంలాంటి పేజీ.

ఆవిడకి మూడో రోజు జ్వరం వచ్చింది. తొమ్మిదో రోజు అదే జ్వరంతో ఇంకో ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు. తెలియకపోవడం కాదు, కనుక్కోలేదు. కాళ్ళకి నీలం సాక్సులు వేసుకుని ఉంది. స్ట్రెచరు వెళ్ళేటప్పుడు ఒకటి జారితే నేనే తొడిగాను.

అందుకే నీ ఐదు డిగ్రీలు నాకు చిన్నవిగా కనబడ్డాయి. అవి పెద్దవని ఒప్పుకుంటే నా పదహారు డిగ్రీలు ఏమవుతాయి? నిన్ను క్షమించమని మీ మేనేజరుకి రాశాననుకున్నాను. క్షమాపణ కావలసింది నాకు.

ఆ రిజిస్టరు ఇప్పుడు ఎక్కడా లేదు, పాతవన్నీ తగలబెట్టేశారట. అందుకని ఒక తెల్లకాగితం మీద ఆ రోజు తేదీ వేసి, నేను రాసిన అబద్ధం మళ్ళీ అలాగే రాసి, దాని మీద ఒక్క గీత గీశాను. పక్కన "నూట ఐదు, పన్నెండు నిమిషాలు. తెలిసే మార్చాను" అని రాశాను. "చేశాను" అని సంతకం పెట్టి, ఇవాళ్టి తేదీ వేశాను. ఆసుపత్రికి ఒక నకలు రిజిస్టర్డు పోస్టులో పంపాను. ఈ వయసులో ఇదంతా ఎందుకు తవ్వుతావు అన్నాడు మీ నాన్న. నా రిజిస్టరు, నా ఇష్టం అన్నాను. వాళ్ళు చింపేస్తే ఇంకొకటి పంపుతాను. నా దగ్గర కాగితాలకి కొదవలేదు.

అసలుది నీకు పంపుతున్నాను. దానికి రెండో సంతకం కావాలి. మూడు నెలలు నీకు హక్కు లేదుగా, ఉంచు. ఇన్నేళ్ళు ఆగింది, మూడు నెలలు ఆగలేకపోదు.

అత్త


ఆగస్టు 12

అత్తా,

ఇవాళ పొద్దున ఎనిమిదింటికి భూతద్దం మేడం నా హక్కు నాకు తిరిగిచ్చింది. తొమ్మిదింటికి ట్యాంకుకి ఆవిరి పెట్టాలి. కొత్త ట్రాప్ వేశారు. నిదానం గారు మా ఇద్దరి మోకాళ్ళకీ చెరొక పాత రబ్బరు చాప ముక్క తెచ్చిపెట్టారు.

మధ్యలో నాకు గంట సమయముంది. మూడు నెలల తర్వాత పెట్టే మొదటి సంతకం ట్యాంకు కాగితం మీద పెట్టదలచుకోలేదు. నీ కాగితం తీసి, మొదటి అక్షరం నుంచి చివరి తేదీ దాకా చదివాను. పోనీలే అని రాయను, నువ్వు అందుకు పంపలేదు. నీ మీద ప్రేమ తగ్గిందని కూడా రాయను, అది అబద్ధం అవుతుంది. ఆసుపత్రి నుంచి జవాబు రాలేదంటున్నావు కాబట్టి ఇంకో నకలు పంపు. ఈసారి దాని మీద రెండు సంతకాలుంటాయి.

నీ సంతకం పక్కన నేను రాసింది ఇది:

చూశాను. ఈసారి అడుగుదాకా వంగి చూశాను.
ఆగస్టు 12